‘మళ్లీ అదే’: ఒక్క బటన్ వెనుక ఉన్న శాస్త్రం



రోజూ ఒకే టిఫిన్ హోటల్‌కు వెళ్లే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆయన వచ్చి తన మామూలు బల్ల దగ్గర కూర్చోగానే సర్వరు ఏమీ అడగడు. రెండు ఇడ్లీ, ఒక వడ, ఆ తరువాత చక్కెర లేని కాఫీ తెచ్చి పెడతాడు. ఇదంతా జ్ఞాపకశక్తికి సంబంధించిన పని అనిపిస్తుంది. కాని కాస్త నిదానంగా గమనించండి. వడలు అయిపోయిన రోజున అతడు వచ్చి, "వడ లేదండీ, బజ్జీ తెమ్మంటారా?" అని అడుగుతాడు. కార్తీక సోమవారం నాడు, "ఈ రోజు కాఫీ ఒక్కటేనా?" అంటాడు. ఆయన వెంట మరొకరు వస్తే మామూలు పళ్లెం తేకుండా ముందు మంచినీళ్లు పెట్టి నిలబడతాడు.

అంటే ఆ సర్వరు రెండు పనులు చేస్తున్నాడు. ఏది మారలేదో దాని గురించి అడగడు. ఏది మారిందో దాని గురించి అడగకుండా వదలడు. సెల్‌ఫోనులోని ఆహార పానీయాల యాప్‌లో ‘మళ్లీ ఇదే ఆర్డరు’ అనే బటన్ పెట్టాలనుకునే ఇంజినీరు మొదటి పనిని చాలా త్వరగా నేర్చుకుంటాడు. కష్టమంతా రెండో పనిలో ఉంది. ఈ పాఠంలో ఆ బటన్‌ను మనమే తయారు చేస్తున్నాం అనుకుని, ఒక్కొక్క చిక్కునూ విప్పుకుంటూ పోదాం.

శ్రమ ఎక్కడ తగ్గుతుంది?

కొత్తగా ఆర్డరు ఇచ్చేటప్పుడు మనం చేసే పనులు లెక్కపెట్టండి. హోటల్‌ను వెతకాలి, మెనూ చదవాలి, వస్తువును ఎంచుకోవాలి, ఎన్ని కావాలో చెప్పాలి, ఉల్లి వద్దు, కారం తక్కువ వంటివి చెప్పాలి, చిరునామా చూపాలి, డబ్బు ఎలా కడతామో చెప్పాలి. వీటిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక నిర్ణయం ఉంది. నిర్ణయానికి సమయం పడుతుంది. ఎంత పడుతుంది?

దీని మీద 1952లో బ్రిటన్‌లో విలియం ఎడ్మండ్ హిక్, మరుసటి సంవత్సరం అమెరికాలో రే హైమన్ ప్రయోగాలు చేశారు. వాటి నుంచి వచ్చిన సూత్రం చాలా సరళమైనది. మన ముందున్న అవకాశాల సంఖ్యకు ఒకటి కలిపి, 2 ఆధారంగా సంవర్గమానం తీసుకుంటే, నిర్ణయానికి పట్టే సమయం దానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మెనూలో 127 వస్తువులు ఉన్నాయనుకోండి. 128కి సంవర్గమానం 7. అదే తెర మీద మూడు పాత ఆర్డర్లు మాత్రమే కనిపిస్తే, 4కు సంవర్గమానం 2. ఏడు పాళ్ల పని రెండు పాళ్లకు తగ్గింది. నిజానికి తేడా ఇంతకన్నా ఎక్కువే. హిక్ సూత్రం మనకు బాగా అలవాటైన అవకాశాలకు వర్తిస్తుంది. తెలియని మెనూను మనం ఒక్కొక్క వరుసే చదువుతాం కనుక, వస్తువులు రెట్టింపైతే సమయమూ దాదాపు రెట్టింపవుతుంది.

రెండో సూత్రం వేలికి సంబంధించినది. 1954లో పాల్ ఫిట్స్ చెప్పినదాని ప్రకారం, చేరవలసిన గురి పెద్దదిగానూ దగ్గరగానూ ఉంటే చెయ్యి దాన్ని త్వరగా చేరుతుంది. అందుకే తరచుగా వాడే బటన్‌ను బొటనవేలికి అందేలా తెర కింది భాగంలో, వెడల్పుగా పెడతారు. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఫిట్స్ సూత్రానికి మనిషి ఉద్దేశంతో పని లేదు. కావాలని నొక్కడానికి సులువైన బటన్, పొరపాటున నొక్కుకుపోవడానికీ అంతే సులువు. బస్సులో నిలబడి ఫోను జేబులో పెట్టుకునేటప్పుడు తగిలే బటన్ కూడా అదే. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

ఏ మూడు ఆర్డర్లు చూపాలి?

మూడే చూపుతాం అన్నాం. ఏ మూడు? అన్నిటికన్నా ఎక్కువసార్లు ఇచ్చినవా, ఇటీవల ఇచ్చినవా?

ఎక్కువసార్లు ఇచ్చినవి అంటే ఒక ఇబ్బంది ఉంది. చలికాలమంతా అల్లం టీ తెప్పించుకున్న మనిషికి, ఎండలు ముదిరి మజ్జిగ తాగుతున్న రోజుల్లో కూడా యాప్ అల్లం టీయే చూపిస్తూ ఉంటుంది. ఇటీవలివి మాత్రమే అంటే, నిన్న ఎవరో చుట్టాలు వచ్చారని తెప్పించిన పది ప్లేట్ల భోజనం ఈ రోజు అందరికన్నా పైన కూర్చుంటుంది. ఇక్కడ మీ భౌతికశాస్త్రంలోని అర్ధజీవిత కాలం అక్కరకు వస్తుంది. ప్రతి పాత ఆర్డరుకు ఒక మార్కు ఇచ్చి, 14 రోజులకొకసారి ఆ మార్కు సగమైపోతుందనుకుందాం. ఎనిమిది వారాల కిందట నాలుగు అల్లం టీలు తెప్పించారు. 56 రోజులంటే నాలుగు అర్ధజీవిత కాలాలు. ఒక్కొక్క టీ విలువ పదహారో వంతుకు పడిపోయింది. నాలుగూ కలిపినా 0.25 మాత్రమే. నిన్న తెప్పించిన ఒక్క మజ్జిగ విలువ సుమారు 0.95. మజ్జిగ పైకి వచ్చింది. రేడియో ధార్మిక పదార్థానికీ మన అలవాట్లకూ ఒకే గణితం పనికిరావడం నాకెప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

పూట కూడా లెక్కలోకి రావాలి. పొద్దున్న ఏడింటికి యాప్ తెరిచినవాడికి బిర్యానీ చూపిస్తే ప్రయోజనం లేదు. ఇక్కడ కొత్త ప్రోగ్రామర్లు తరచు పడే గోతి ఒకటి ఉంది. హాస్టలులో ఉండే ఒక విద్యార్థి ఒక రోజు రాత్రి 11:30కి, మరో రోజు రాత్రి 12:30కి బిర్యానీ తెప్పించుకున్నాడు. 24 గంటల లెక్కలో ఇవి 23.5, 0.5. సగటు తీస్తే 12. అంటే మిట్టమధ్యాహ్నం! గడియారం గుండ్రంగా ఉంటుందన్న సంగతి మామూలు సగటుకు తెలియదు. కాలాన్ని ఒక వృత్తం మీద బిందువులుగా గుర్తించి, సైన్, కొసైన్ విలువలతో సగటు తీస్తే సరైన జవాబు, అంటే అర్ధరాత్రి, వస్తుంది. త్రికోణమితి ఎందుకు చదవాలని అడిగేవారికి ఇదొక జవాబు.

‘అదే’ అంటే ఏది?

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు నెలల కిందట మీరు రెండు పెసరట్లు, ఒక ఫిల్టరు కాఫీ తెప్పించారనుకోండి. పెసరట్టు 80 రూపాయలు, కాఫీ 30, తెచ్చి ఇచ్చినందుకు 25. మొత్తం 215. ఈ రోజు ‘మళ్లీ ఇదే’ నొక్కారు. ఈలోగా హోటల్ పెసరట్టు ధర 90 చేసింది. ఇప్పుడు మొత్తం 235. మీరు అడిగిన ‘అదే’ అంటే 215 రూపాయల ఆర్డరా, రెండు పెసరట్లూ కాఫీనా?

కంప్యూటరులో ఆర్డరును దాచడానికి రెండు పద్ధతులున్నాయి. వస్తువు పేరు, ధర అన్నీ ఉన్నవి ఉన్నట్టు నకలు తీసి పెట్టడం ఒకటి. మెనూలో ఆ వస్తువుకున్న సంఖ్యను మాత్రం రాసుకుని, పేరూ ధరా అవసరమైనప్పుడు మెనూలో చూసుకోవడం మరొకటి. నకలు మాత్రమే ఉంటే పాత ధరకే కొత్త ఆర్డరు వెళ్లిపోతుంది, హోటల్ ఒప్పుకోదు. సంఖ్య మాత్రమే ఉంటే ఇంకో వింత జరుగుతుంది: మీరు పాత బిల్లు తెరిచి చూస్తే, అందులో మీరెన్నడూ కట్టని 90 రూపాయల ధర కనిపిస్తుంది. జరిగిపోయిన లెక్క మారిపోవడమంటే పద్దు పుస్తకం దిద్దినట్టే. కనుక రెండూ ఉండాలి. జరిగినదాన్ని చూపడానికి నకలు, జరగబోయేదాన్ని నిర్ణయించడానికి సంఖ్య. బటన్ నొక్కగానే ఈ రెంటినీ వరుస వరుసకూ సరిపోల్చి, తేడా ఉన్నచోట మాత్రమే చూపాలి: "గతంలో 215, ఇప్పుడు 235. పెసరట్టు ఒక్కటికి 10 రూపాయలు పెరిగింది." మారని కాఫీ గురించి ఒక్క మాట కూడా అడగనక్కరలేదు.

వస్తువే లేకపోతే? కాఫీ లేదని చెప్పి, అది తీసేసి మిగతావి పంపమంటారా అని అడగవచ్చు. దాని బదులు టీ చేర్చి ఊరుకోకూడదు. ఇక్కడొక విషయం మీద మీరు కాసేపు ఆగి ఆలోచించాలి. ఆర్డరులో ‘కావాలి’ అన్నవీ ఉంటాయి, ‘వద్దు’ అన్నవీ ఉంటాయి. కావాలన్నది రాకపోతే ఆ పూట నోరు చప్పబడుతుంది, అంతే. వద్దన్నది వచ్చి చేరితే సంగతి వేరు. వేరుశెనగ పడని పిల్లలున్నారు. కొందరికి అది ఒంటిమీద దద్దుర్లతో ఆగుతుంది. కొందరికి గొంతు, ముఖం వాచి, ఊపిరి అందక, రక్తపోటు పడిపోయి, నిమిషాల మీద ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పిల్ల ఉన్న ఇంట్లో తల్లి మొదటిసారి ఆర్డరు ఇచ్చేటప్పుడు శ్రద్ధగా ‘వేరుశెనగ చట్నీ వద్దు, కొబ్బరి చట్నీ ఇవ్వండి’ అని ఎంచుకుంది. తరువాత హోటల్ తన మెనూ మార్చింది. చట్నీ ఎంచుకునే వీలు అందులో పోయింది. ‘మళ్లీ ఇదే’ అన్నప్పుడు ప్రోగ్రాము తనకు దొరకని ఆ ఎంపికను నిశ్శబ్దంగా వదిలేసి, దోసెను మాత్రం పంపితే ఏమవుతుందో ఊహించండి. ఆమె చదవలేదు, ఎందుకంటే ‘అదే’ అన్న మాటను నమ్మింది. ఆ నమ్మకాన్ని పుట్టించింది మన బటనే.

అందుచేత మన నియమం ఇలా ఉండాలి: ఒక ‘వద్దు’ను నెరవేర్చే దారి కనిపించకపోతే ఆర్డరు అక్కడే ఆగిపోవాలి. తెర కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన పెట్టి ముందుకు వెళ్లడానికి వీల్లేదు. ప్రోగ్రాము రాసేటప్పుడు మాత్రం ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ వచ్చే సందేశం ‘ఈ సంఖ్య గల ఎంపిక దొరకలేదు’ అనే. తేడా మనిషికే తెలియాలి.

చేతితో రాసే సూచనలు ఇంకో చిక్కు. ‘కారం తక్కువ’ అన్నది ప్రతిసారీ వర్తిస్తుంది. ‘పాప నిద్రపోతోంది, గంట కొట్టకండి’ అన్నది ఆ మధ్యాహ్నానికే చెందింది. రెండూ ఒకే గడిలో రాయిస్తే యంత్రం వాటిని విడదీయలేదు. వంటింటికి చెప్పే మాటకు ఒక గడి, తెచ్చి ఇచ్చే మనిషికి చెప్పే మాటకు ఇంకో గడి పెడితే సగం సమస్య తీరుతుంది. మొదటిదాన్ని మళ్లీ వాడతాం, రెండోదాన్ని వాడం.

చిరునామా కూడా ‘అదే’ కాకపోవచ్చు. సెలవుల్లో గుంటూరులో ఇంటికి వెళ్లిన విద్యార్థి ‘మళ్లీ ఇదే’ నొక్కితే, టిఫిన్ హైదరాబాదు హాస్టలు గేటు దగ్గరకు వెళ్లి నిలబడవచ్చు. ఫోనుకు తాను ఎక్కడుందో తెలుసు కనుక పోల్చుకోమనవచ్చు. కాని భవనాల లోపల ఉపగ్రహ సంకేతాలు సరిగా అందక, ఫోను చెప్పే స్థానం పదుల మీటర్ల మేర పక్కకు పోతుంది. యాభై మీటర్ల తేడాకు ప్రతిసారీ ‘మీరు ఇంట్లోనే ఉన్నారా?’ అని అడిగితే మనిషి విసిగిపోయి, చదవకుండానే ‘అవును’ నొక్కడం అలవాటు చేసుకుంటాడు. అప్పుడు నిజంగా అడగవలసిన రోజున అడిగినా ప్రయోజనం ఉండదు. తేడా ఒక కిలోమీటరు దాటినప్పుడు అడగండి చాలు.

రెండుసార్లు నొక్కితే?

ఇంతవరకు మనం బటన్ నొక్కేదాకా వచ్చాం. నొక్కాం. తెర మీద చక్రం తిరుగుతోంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఓపిక నశించి మళ్లీ నొక్కాం. ఇప్పుడు వచ్చేది ఒక భోజనమా, రెండా?

ఇక్కడ ఇంకో సర్వరు కథలోకి వస్తాడు. టిఫిన్ తెచ్చేవాణ్ణి సర్వరు అనే పిలిచే మనకు, కంప్యూటరువాళ్లు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో వేరే వివరించనక్కరలేదు. మన ఫోను నుంచి సందేశం దూరాన ఉన్న సర్వరుకు వెళుతుంది. జవాబు తిరిగి వస్తుంది. జవాబు రాలేదంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. సందేశం దారిలోనే పోయింది. లేదా సందేశం చేరింది, ఆర్డరు నమోదైంది, జవాబు దారిలో పోయింది. లేదా రెండూ క్షేమమే, ఆలస్యం మాత్రమే. ఫోను వైపు నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. తిరుగుతున్న చక్రం తప్ప వేరే ఆధారం లేదు.

ఇది ఫోను తెలివితక్కువతనం కాదు. వరదలో ఉన్న ఏటికి అటూ ఇటూ రెండు ఊళ్లున్నాయనుకోండి. రేపు ఉదయం ఇద్దరూ ఒకేసారి గట్టు పని మొదలుపెట్టాలి. ఇవతలి ఊరు కబురు పంపింది. కబురు మోసుకెళ్లిన ఈతగాడు చేరాడో లేదో తెలియాలంటే అటునుంచి జవాబు రావాలి. ఆ జవాబు చేరిందో లేదో అవతలివారికి తెలియాలంటే ఇటునుంచి మళ్లీ కబురు వెళ్లాలి. దీనికి అంతం లేదు. దారిలో కబురు పోయే అవకాశం ఉన్నంతకాలం, ఎన్ని కబుర్లు పంపుకున్నా ఇద్దరికీ పూర్తి నిశ్చయం కుదరదు. అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు 1975లో ఈ సమస్యను దొంగల ముఠాల కథగా చెప్పారు. 1978లో జిమ్ గ్రే దీనికి ‘ఇద్దరు సేనానుల సమస్య’ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది.

సమస్యను పూర్తిగా తీర్చలేమని తేలిపోయాక ఇంజినీర్లు దాన్ని పక్కదారిన దాటారు. చేరిందో లేదో తెలియకపోతే మళ్లీ పంపుదాం, అయితే రెండుసార్లు చేరినా ఒక్కసారి చేరినట్టే అయ్యేలా చూద్దాం. ఈ గుణానికి ఐడెంపొటెన్స్ అని పేరు. 1870లో బెంజమిన్ పియర్స్ అనే అమెరికా గణితవేత్త ఈ పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. మాత్రికలు చదివినవారికి ఇది పరిచయమే: కొన్ని మాత్రికలను వాటితోనే గుణిస్తే మళ్లీ అదే మాత్రిక వస్తుంది. లిఫ్టు బటన్ కూడా ఇలాంటిదే. పదిసార్లు నొక్కినా లిఫ్టు ఒక్కటే వస్తుంది. రాత్రి గేటుకు పాల సంచి తగిలించే ఇళ్లు మీకు తెలుసు. తెల్లవారుజామున వచ్చిన కుర్రాడు సంచి ఖాళీగా ఉంటే ప్యాకెట్లు వేస్తాడు. అనుమానం వచ్చి మళ్లీ వచ్చి చూస్తే ప్యాకెట్లు కనిపిస్తాయి, వెళ్లిపోతాడు. రెండుసార్లు వచ్చినా పాలు ఒక్కసారే. సంచి లేకపోతే ఈ రోజు పాలు వద్దని అర్థం.

ఆహార ఆర్డరుకు సహజంగా ఈ గుణం లేదు. రెండుసార్లు చెబితే రెండు వస్తాయి. కనుక మనం ఆ సంచిలాంటిదాన్ని కల్పించాలి. ఆర్డరు తెర తెరుచుకోగానే ఫోను ఒక యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి తన దగ్గర రాసుకుంటుంది. సాధారణంగా ఇందులో 122 యాదృచ్ఛిక బిట్లు ఉంటాయి. అంటే 5 పక్కన 36 సున్నాలు పెట్టినంత పెద్ద సంఖ్యలో అవకాశాలు. ఇద్దరికి ఒకే సంఖ్య రావడమన్నది లెక్కలోకి తీసుకోనక్కరలేనంత అరుదు. ఆర్డరుతోపాటు ఈ సంఖ్య కూడా వెళుతుంది. సర్వరు దాన్ని రాసుకుంటుంది. అదే సంఖ్యతో మరో సందేశం వస్తే కొత్త ఆర్డరు పెట్టదు, మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ పంపుతుంది.

సంఖ్య ఎప్పుడు పుట్టాలన్నది ముఖ్యం. బటన్ నొక్కినప్పుడు పుడితే, రెండుసార్లు నొక్కినప్పుడు రెండు సంఖ్యలు పుడతాయి. అప్పుడు చేసిన పనంతా వృథా. నొక్కిన వెంటనే బటన్‌ను పనిచేయకుండా చేస్తే చాలదా అని మీరు అడగవచ్చు. అది మంచిదే, కాని సరిపోదు. మనం మళ్లీ నొక్కకపోయినా, నెట్‌వర్కు సరిగా లేనప్పుడు యాప్ తనంతట తాను మళ్లీ పంపవచ్చు.

సర్వరు వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. ‘ఈ సంఖ్య ఇంతకుముందు వచ్చిందా?’ అని చూడటం, రాలేదంటే రాసుకోవడం విడివిడి పనులైతే, ఆ రెంటి మధ్య సందులో రెండో సందేశం దూరిపోతుంది. రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకే బెర్తు ఖాళీగా ఉందని చూసి ఇద్దరికి టికెట్టు రాసినట్టు అవుతుంది. అందుకే ఆ రెండు పనులనూ విడదీయరాని ఒకే పనిగా డేటాబేసు చేత చేయిస్తారు.

కొందరికి ఇంకో సులువైన ఉపాయం తోస్తుంది. ఒకే మనిషి నుంచి అయిదు నిమిషాల్లో అవే వస్తువులతో రెండో ఆర్డరు వస్తే పొరపాటని కొట్టేస్తే పోలేదా? పోదు. రెండు కాఫీలు చెప్పిన మరు నిమిషంలో ఇంటికి మరో ఇద్దరు రావచ్చు. ఆ రెండో ఆర్డరు నిజమైనది. రెండు ఆర్డర్లలో ఉన్న వస్తువులను పోల్చి మనిషి మనసులో ఏముందో తేల్చలేం. తెర మళ్లీ తెరిచి మళ్లీ కోరితే కొత్త సంఖ్య, కొత్త ఆర్డరు. అదే తెర మీద ఎన్నిసార్లు నొక్కినా పాత సంఖ్య, పాత ఆర్డరు. కోరిక ఎన్నిసార్లు కలిగిందో సంఖ్య చెబుతుంది, వేలు ఎన్నిసార్లు కదిలిందో కాదు.

డబ్బు దగ్గర

‘మళ్లీ అదే’ అన్నప్పుడు డబ్బు కట్టే పద్ధతి కూడా అదే కావాలని కోరుకుంటాం. మన దేశంలో 2022 అక్టోబరు 1 నుంచి, కార్డు ఇచ్చిన బ్యాంకూ కార్డు నెట్‌వర్కూ తప్ప ఇంకెవరూ కార్డు సంఖ్యను దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. యాప్ దగ్గర ఉండేది ‘టోకెన్’ అనే మారు సంఖ్య మాత్రమే. దొంగ చేతికి చిక్కినా అది ఇంకో దుకాణంలో చెల్లదు. 2016లో మొదలైన యూపీఐలో సాధారణంగా ప్రతి చెల్లింపుకూ పిన్ కొట్టాలి. చిన్న మొత్తాలకు పిన్ అవసరం లేని యూపీఐ లైట్ 2022లో వచ్చింది. తొందరలో ఉన్నవారికి పిన్ ఒక అడ్డంకిలా అనిపిస్తుంది. నా మట్టుకు నాకు అది పొరపాటున నొక్కిన బొటనవేలికి దొరికే రెండో అవకాశం.

అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి, ఖాతాలో డబ్బు తగ్గి, ఆర్డరు నమోదు కాకపోవడం. మన ఇద్దరు సేనానులు ఇక్కడ ముగ్గురయ్యారు: ఫోను, హోటల్ యాప్ సర్వరు, బ్యాంకు. ఇలాంటప్పుడు యాప్ ‘విఫలమైంది, మళ్లీ కట్టండి’ అని చెబితే అబద్ధం చెప్పినట్టే, ఎందుకంటే విఫలమైందని దానికి తెలియదు. ‘తేలలేదు, కనుక్కుంటున్నాం’ అనే మూడో స్థితి ప్రోగ్రాములో ఉండి తీరాలి. సెప్టెంబరు 2019లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో దుకాణదారుకు చెల్లింపు ఖరారు కాకుండా ఖాతాదారు డబ్బు తగ్గిపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల్లోగా అది తనంతట తాను వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి.

మరీ సులువైతే

సులువును ఎంతదూరం తీసుకుపోవచ్చు? చరిత్రలో మూడు ఉదాహరణలు చూద్దాం.

ఒక్క నొక్కుతో వస్తువు కొనే పద్ధతికి అమెజాన్ సంస్థ 1997లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకుంది. 1999 సెప్టెంబరు 28న మంజూరైంది. చిరునామా, కార్డు వివరాలు ముందే దాచి ఉంటే ఒక్క నొక్కు చాలన్న ఆలోచనకు అన్నేళ్ల హక్కు ఇవ్వాలా అని చాలా వాదన నడిచింది. 2017లో ఆ పేటెంటు గడువు తీరిపోయింది.

2016లో డామినోస్ సంస్థ అమెరికాలో ఒక నొక్కు కూడా అక్కరలేని యాప్ తెచ్చింది. యాప్ తెరిస్తే చాలు, పది నుంచి వెనక్కి లెక్క మొదలవుతుంది. పది సెకన్లలోగా ఆపకపోతే ముందే ఎంచి పెట్టుకున్న పిజ్జా ఆర్డరు వెళ్లిపోతుంది. చమత్కారంగానే ఉంది. కాని ఇందులో ఒక పెద్ద మార్పు జరిగింది. మామూలుగా ‘కావాలి’ అని చెప్పడానికి మనం కష్టపడతాం. ఇక్కడ ‘వద్దు’ అని చెప్పడానికి కష్టపడాలి, అదీ పది సెకన్లలో. ఫోను చేతిలో ఉన్న అయిదేళ్ల పిల్లవాడికి, చూపు మందగించిన తాతగారికి ఆ పది సెకన్లు ఏపాటివి?

మూడోది అమెజాన్ 2015లో తెచ్చిన ‘డాష్’ బటన్. ఇది తెర మీది బొమ్మ కాదు, చేత్తో పట్టుకునే నిజం బటన్. వంటగదిలో గోడకు అంటించుకుని, కాఫీ పొడి అయిపోగానే నొక్కితే మళ్లీ అదే పొడి వస్తుంది. ముందరి ఆర్డరు చేరేదాకా ఎన్నిసార్లు నొక్కినా లెక్కలోకి తీసుకోకుండా అందులో మామూలు ఏర్పాటు ఉండేది. మన పాల సంచి లాంటిదే. ఐతే ఆ బటన్‌కు తెర లేదు, ధర కనిపించదు. నొక్కే క్షణంలో కొనేవారికి ధర, వస్తువు వివరాలు తెలియడం లేదు కనుక ఇది వినియోగదారుల చట్టానికి విరుద్ధమని 2019 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ ఏడాదిలోనే అమెజాన్ ఆ బటన్ల అమ్మకాన్ని ఆపేసింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించి, తెర మీద మనిషిని మాయచేసే 13 పద్ధతులను పేర్కొంది. అడగకుండా బుట్టలో ఇంకో వస్తువో విరాళమో చేర్చడం, చివరి మెట్టులో కొత్త రుసుములు బయటపెట్టడం, లేని తొందర పుట్టించడం వాటిలో కొన్ని. ఈ పనులకు ‘మళ్లీ అదే’ తెర అన్నిటికన్నా అనువైన చోటని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. అక్కడ మనిషి చదవడు. చదవనక్కరలేదని మాట ఇచ్చిందీ మనమే. అందువల్ల పాత ఆర్డరులో లేని ఏ పైసా కూడా కొత్త మొత్తంలోకి చెప్పకుండా రాకూడదు. కొత్తగా పడిన రుసుమును ధరల పెరుగుదలతో కలిపేయకుండా విడిగా చూపాలి. పాత మొత్తాన్ని కొత్త మొత్తం పక్కనే చూపించడానికి తెర మీద పట్టే స్థలం ఒక్క వరుస. స్థలం చాలదని ఏ సంస్థా అనలేదు.

చేసి చూడండి

కంప్యూటరు లేకుండానే ఈ బటన్‌ను పరీక్షించవచ్చు. ఒక తెల్ల కాగితాన్ని ఫోను తెరంత కత్తిరించి, మూడు పాత ఆర్డర్లు, కింద ఒక బటన్ గీయండి. ‘ధర పెరిగింది’, ‘కాఫీ లేదు’, ‘చట్నీ ఎంపిక తీసేశారు’, ‘మీరు ఇంటికి దూరంగా ఉన్నారు’, ‘జవాబు రాలేదు’ అనే అయిదు సందర్భాలకు అయిదు కాగితాలు వేరుగా తయారు చేసుకోండి. మీ ఇంట్లో యాప్‌లు అలవాటు లేని ఒకరిని, అమ్మమ్మగారైతే మరీ మంచిది, కూర్చోబెట్టి బటన్ మీద వేలు పెట్టమనండి. వేలు పెట్టగానే అయిదింటిలో ఒక కాగితం మార్చండి. మీరు నోరు విప్పి వివరించకూడదు. ఆమె ఎక్కడ ఆగింది, ఏ మాటను రెండుసార్లు చదివింది, ఎక్కడ చదవకుండానే నొక్కేసింది రాసుకోండి. చట్నీ కాగితం వచ్చినప్పుడు ఆమె ఆగకపోతే ఆ కాగితాన్ని మళ్లీ గీయండి.